ఆశ పడొచ్చు, భీష్మించుకుంటేనే చిక్కు: రేషనల్ ఎమోటివ్ థెరపీ సంగతులు

రేషనల్ ఎమోటివ్ థెరపీ గురించి ఎక్కడో రెండు ముక్కలు విన్నవాళ్లలో చాలామంది దాన్ని పాజిటివ్ థింకింగ్ ఖాతాలో వేసేస్తారు. అంతా మన ఆలోచనలోనే ఉంది, మంచిగా అనుకో, మంచే జరుగుతుంది అనే బాపతు అనుకుంటారు. ఈ పద్ధతిని తయారుచేసిన ఆల్బర్ట్ ఎల్లిస్‌కి ఆ ధోరణి అస్సలు పడేది కాదు. ఉద్యోగం పోవచ్చు, ప్రేమించిన మనిషి వదిలేసి వెళ్లిపోవచ్చు, తగ్గుతుందనుకున్న జబ్బు ముదరొచ్చు. సరే, అలాగే జరిగిందనుకుందాం, అప్పుడు కూడా మనల్ని మనం చిత్రవధ చేసుకోకుండా బతకడం ఎలా? ఈ థెరపీ పట్టుకున్నది ఆ ప్రశ్నని. మంచి జరిగినప్పుడు ఎలా ఉండాలో ఎవరూ నేర్పక్కర్లేదు కదా.

ఎల్లిస్ 1913లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో పుట్టి, న్యూయార్క్‌లో పెరిగి, 2007లో అక్కడే చనిపోయాడు. 1947లో కొలంబియా యూనివర్సిటీ నుంచి క్లినికల్ సైకాలజీలో డాక్టరేట్ తీసుకుని, మొదట్లో అందరిలాగే సైకోఎనాలసిస్ చేశాడు. అంటే చిన్నప్పటి సంగతులు ఏళ్ల తరబడి తవ్వుకుంటూ పోయే పద్ధతి. వచ్చినవాళ్లకి తమ బాల్యం గురించి బోలెడు తెలిసేది, బాధ మాత్రం పెద్దగా తగ్గేది కాదు. విసుగెత్తి ఆ దారి వదిలేసి 1955లో సొంత పద్ధతి మొదలుపెట్టాడు. ముందు దాని పేరు రేషనల్ థెరపీ. ఆ పేరు చూసి ఇందులో ఎమోషన్లకి చోటే లేదని జనం అపార్థం చేసుకుంటుంటే 1961లో ఎమోటివ్ అన్న మాట చేర్చాడు, 1993లో బిహేవియర్ కూడా చేర్చాడు, అందుకే ఇప్పుడు దీన్ని ఆర్‌ఈబీటీ అంటున్నారు. దాదాపు అదే కాలంలో, 1960లలో, ఆరన్ బెక్ అనే సైకియాట్రిస్ట్ కాగ్నిటివ్ థెరపీ, అంటే ఆలోచనల్ని పరీక్షించి సరిచేసుకునే పద్ధతి, తెచ్చాడు. ఇవాళ సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ) పేరుతో అందరికీ తెలిసిన పద్ధతులన్నిటి వెనకా ప్రధానంగా కనిపించేది ఈ ఇద్దరే. అసలు ఆలోచన అంతకన్నా చాలా పాతది. బానిసగా బతుకు మొదలుపెట్టిన ఎపిక్టెటస్ అనే గ్రీకు తత్వవేత్త, మనుషుల్ని కలతపెట్టేది సంఘటనలు కావు, వాటి మీద వాళ్లకున్న అభిప్రాయాలని దాదాపు రెండువేల ఏళ్ల కిందటే చెప్పాడు. తాను అక్కడి నుంచే తీసుకున్నానని ఎల్లిస్ దాచుకోలేదు.

ఎల్లిస్ తన లెక్కని మూడు అక్షరాల్లో చెప్పేవాడు: ఏ, బీ, సీ. ఏ అంటే జరిగిన సంఘటన. సీ అంటే ఆ తర్వాత మనలో కలిగిన భయం, కోపం, దిగులు, వాటితో పాటు మనం చేసిన పని. మధ్యలో ఉన్న బీ, ఆ సంఘటన గురించి మనం గట్టిగా నమ్ముతున్నది. మామూలు మాటల్లో మనం ఈ బీని ఎగరగొట్టేస్తాం. "మీటింగ్‌లో అందరి ముందూ బాస్ నా తప్పు ఎత్తిచూపాడు, అందుకే రాత్రంతా నిద్ర లేదు" అంటాం, ఏ నుంచి నేరుగా సీలోకి దూకేస్తాం. అదే మీటింగ్‌లో అదే మాట పడ్డ ఇంకో మనిషి కాసేపు చిరాకుపడి, ఇంటికెళ్లి, తిని పడుకుని ఉండొచ్చు. ఆయన మనసులో ఉన్నది "అందరి ముందూ అనకుండా ఉంటే బాగుండేది, నాకు నచ్చలేదు" అన్న మాట. నిద్రపట్టని మనిషి మనసులో ఉన్నది "నన్ను అలా అనడానికి వీల్లేదు, ఇక అందరూ నన్ను చేతకానివాడి కిందే లెక్కేస్తారు, అది నేను తట్టుకోలేను" అన్న మాట. నిద్రపోయిన మనిషి కూడా ఏమీ సంతోషంగా లేడన్నది మర్చిపోవద్దు, మళ్లీ అక్కడికే వద్దాం.

ముందు ఇంకో సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే ఏ, బీ, సీ లెక్కని అడ్డంగా వాడేవాళ్లు చాలామంది ఉన్నారు. "నిన్ను బాధపెట్టింది నేను కాదు, నీ ఆలోచనలే" అని ఇంట్లో కొట్టే మనిషి అనొచ్చు, జీతాలివ్వని మేనేజర్ అనొచ్చు. ఈ థెరపీ చెప్పేది అది కాదు. ఏ కి బరువు ఉంటుంది, అది నిజంగానే అన్యాయం కావచ్చు, దాన్ని మార్చగలిగితే మార్చాలి, మార్చలేకపోతే అక్కడి నుంచి బయటపడాలి. ఎల్లిస్ చేసిందల్లా సమస్యని రెండుగా విడగొట్టడం. జీతం రాకపోవడం ఒక సమస్య. జీతం రానందుకు నేను దేనికీ పనికిరానని కుమిలిపోతూ మంచం దిగకపోవడం రెండో సమస్య. రెండోది కాస్త సర్దుకుంటే తప్ప మొదటిదాని మీద పోరాడే ఓపిక రాదు కాబట్టి ముందు దాన్ని పట్టుకుందాం అంటాడు. అంతేగానీ మొదటిది లేదనలేదు. బీ గురించి ఉపన్యాసం ఇస్తూ ఏ గురించి నోరెత్తనివ్వని మనిషి దొరికితే, అతను థెరపీ చేయట్లేదు, తప్పించుకుంటున్నాడు.

ఇక బీ లోపలికి వెళ్దాం. ఎల్లిస్ మొదట్లో మనుషుల్ని పీడించే అహేతుకమైన నమ్మకాలు పదకొండో పన్నెండో అని జాబితా రాశాడు. పోనుపోను అవన్నీ మూడు డిమాండ్లకి కుదించాడు. నేను బాగా చేసి తీరాలి, అందరి మెప్పూ పొంది తీరాలి, లేకపోతే నేను పనికిరానివాణ్ని. ఇది మొదటిది, భయం, సిగ్గు, డిప్రెషన్ ఎక్కువగా ఇక్కడి నుంచే వస్తాయి. ఇతరులు నాతో న్యాయంగా, మర్యాదగా ఉండి తీరాలి, లేకపోతే వాళ్లు నీచులు. ఇది రెండోది, ఏళ్లకేళ్లు మోసే పగ దీని పంట. జీవితం నాకు తేలిగ్గా, నేననుకున్నట్టు నడిచి తీరాలి, లేకపోతే ఇక భరించలేను. ఇది మూడోది. వాయిదాలు వేయడం, మొదలుపెట్టినవి మధ్యలో వదిలేయడం, అన్నీ నాకే ఎందుకు జరుగుతున్నాయని ఏడవడం దీని ఖాతాలోవి. నన్నడిగితే ఈ మూడోదాన్ని మనం బాగా తక్కువ అంచనా వేస్తాం. భయం, కోపం సమస్యలని అందరికీ తెలుసు. "ఇప్పుడు మూడ్ లేదు, మూడ్ వచ్చాక చేస్తా" అన్న మాట వెనక, పని అసలు కష్టంగానే ఉండకూడదన్న డిమాండ్ కూర్చుని ఉందని మాత్రం తట్టదు.

ఒక్కో డిమాండ్‌కీ మూడు తోకలుంటాయి. అది నెరవేరకపోతే ఘోరం జరిగిపోయినట్టు అనిపించడం, తట్టుకోలేననిపించడం, ఆ కోపంలో నా మీదో ఎదుటివాడి మీదో లోకం మీదో ఒక ముద్ర వేసేయడం. పరీక్ష పోయింది అన్నది వాస్తవం. "పరీక్ష పోయింది, ఇంతకంటే ఘోరం లేదు, ఈ అవమానం మోయలేను, నేను మొద్దుని" అన్నది వాస్తవం మీద డిమాండ్ కట్టిన మేడ.

ఇక్కడ అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. డిమాండ్ వదిలేస్తే ఇక పట్టుదల ఎక్కడుంటుంది, ఏదైతే అదవుతుందిలే అని కాళ్లు చాపుకుని కూర్చోమంటారా? కాదు. కోరికని తగ్గించుకోమని ఎల్లిస్ ఎక్కడా చెప్పలేదు, సన్యాసం తీసుకోమనలేదు. ఆ ఉద్యోగం మీకు ప్రాణంతో సమానంగా కావాలనిపించొచ్చు, దానికోసం రాత్రింబవళ్లు కష్టపడొచ్చు. "ఇది నాకు చాలా చాలా కావాలి, కానీ నాకు కావాలి కాబట్టి వచ్చి తీరాలన్న రూలేమీ లేదు." ఈ వాక్యంలో రెండు భాగాలున్నాయి, రెండూ పూర్తి బలంతో ఉండాలి. మొదటి భాగం మాత్రమే పట్టుకుంటే అది చడీచప్పుడు లేకుండా డిమాండ్‌గా మారిపోతుంది. రెండోది మాత్రమే పట్టుకుంటే నిర్లిప్తత అవుతుంది. నిజానికి ఇంటర్వ్యూలో నోరు పెగలకుండా చేసేది చాలాసార్లు ఆ డిమాండే, ఎందుకంటే అప్పుడు మనసు సగం జవాబు మీద, సగం "రాకపోతే నా గతేంటి" అన్నదాని మీద ఉంటుంది.

ఇప్పుడు ఆ నిద్రపోయిన మనిషి దగ్గరకి వద్దాం. ఈ థెరపీలో నాకు అన్నిటికన్నా నచ్చేది, బాధ పోవాలని ఇది చూడదు. చెడు జరిగినప్పుడు చెడ్డగా అనిపించడం ఆరోగ్యమే అంటుంది. కాకపోతే బాధల్లో రెండు రకాలు చూపిస్తుంది. దగ్గరివాళ్లు పోతే దుఃఖం ఒకటి, ఇక నా బతుకులో ఏమీ లేదని కూలిపోయే డిప్రెషన్ ఇంకొకటి. ముందున్న ప్రమాదం గురించి పట్టింపు ఒకటి, కాళ్లూ చేతులూ ఆడనివ్వని యాంగ్జైటీ ఇంకొకటి. చేసిన తప్పుకి పశ్చాత్తాపం ఒకటి, నేనే ఒక తప్పుని అనిపించే అపరాధభావం ఇంకొకటి. మొదటి రకాలు ఎంత గాఢంగా ఉన్నా పనికొస్తాయి, పశ్చాత్తాపపడ్డ మనిషి వెళ్లి క్షమాపణ అడుగుతాడు. అపరాధభావంలో మునిగినవాడు ఎదుటిమనిషి కంటపడకుండా తిరుగుతాడు, ఎందుకంటే అతని గొడవంతా తన గురించే, తాను బాధపెట్టిన మనిషి గురించి కాదు. కాబట్టి ఈ పద్ధతి పనిచేసిన తర్వాత కూడా మీ కళ్లు చెమ్మగిల్లుతుంటే, అది ఫెయిలైనట్టు కాదు.

సరే, బీని మార్చడం ఎలా? దీనికి వాడే మాట డిస్ప్యూటింగ్, అంటే ఆ నమ్మకంతో వాదనకి దిగడం. ఇందులో చాలామంది తప్పుగా అడుగేసే చోటొకటుంది. మీరు పెట్టిన మెసేజ్ స్నేహితురాలు చూసింది, రెండు రోజులైనా జవాబివ్వలేదు. మనసు "నేనంటే తనకి ఇష్టం పోయింది" అంటుంది. మన చుట్టూ ఉన్నవాళ్లు ఏమంటారు? బిజీగా ఉందేమో, మర్చిపోయిందేమో అంటారు. బెక్ పద్ధతిలో థెరపిస్ట్ కూడా చాలాసార్లు ఇక్కడి నుంచే మొదలుపెడతాడు, ఆ అనుమానానికి సాక్ష్యం ఏముందని వెతికిస్తాడు. అది మంచిదే. ఎల్లిస్ దారి మాత్రం వేరు. "పోనీ, నిజంగానే నువ్వంటే ఇష్టం పోయిందనుకుందాం. అయితే ఏంటి?" అని అడుగుతాడు. వినడానికి కటువుగా ఉంటుంది కానీ దీని వెనక లెక్క ఉంది. "బిజీగా ఉందేమో" అన్న ఓదార్పు ఈసారికి పనిచేస్తుంది. వచ్చే నెల ఎవరో నిజంగానే మీకు దూరమైతే అది చేతిలో ఉండదు. "ఇష్టం పోయినా నేను నిలబడగలను" అన్నది అప్పుడు కూడా ఉంటుంది.

ఇంకాస్త విడమరిచి చూద్దాం. ఒకామె ఎన్నో ఏళ్లుగా ఒకేచోట పనిచేస్తోంది, ప్రమోషన్ తనకంటే వెనక వచ్చిన మనిషికి ఇచ్చారు. లోపల మంట. ఆ మంట వెనక వాక్యం వెతికితే "నాకు అన్యాయం చేయడానికి వీల్లేదు, చేసినవాళ్లు దుర్మార్గులు, నేనిది భరించలేను" అని దొరుకుతుంది. దీని మీద మూడు వైపుల నుంచి ప్రశ్నలు వేయొచ్చు. ఒకటి వాస్తవాన్ని అడిగేది: అన్యాయం జరగకూడదన్న రూలు ఎక్కడుంది? అలాంటి రూలే ఉంటే అసలు జరిగేదే కాదు కదా, జరిగింది కాబట్టి లేనట్టే. రెండోది తర్కం: ఇన్నేళ్లు కష్టపడ్డాను కాబట్టి నాకు రావడం న్యాయం, ఇంతవరకు ఒప్పుకోవాలి, కానీ న్యాయమైనది కాబట్టి జరిగి తీరాలి అన్న రెండో అడుగు మొదటిదాని నుంచి ఎలా వచ్చింది? మూడోది ఉపయోగం: ఈ పట్టు పట్టుకుని కూర్చోవడం వల్ల నాకేం ఒరుగుతోంది? నిద్ర పోయింది, ఇంట్లోవాళ్ల మీద అరుస్తున్నాను, ఆ వెనక వచ్చిన మనిషి మాత్రం హాయిగా ఉన్నాడు. తర్కం మీద మోజున్నవాళ్లు మొదటి రెండిటితో సంబరపడతారు. మామూలుగా మనసు కదిలేది మూడోదానితోనే అని నా అభిప్రాయం.

ఈ వాదన అయ్యాక ఆమె చేతిలో మిగలాల్సింది "పోనీలే, ప్రమోషన్ ఎవరిక్కావాలి" అన్న అబద్ధం కాదు. "ఇది అన్యాయమే. నాకు కోపంగానే ఉంది. జరగకుండా ఉంటే ఎంతో బాగుండేది. జరిగింది. కష్టంగా ఉంది, కానీ మోయగలను, మోస్తూనే వెళ్లి కారణం అడుగుతాను, నచ్చకపోతే వేరే ఉద్యోగం చూసుకుంటాను" అన్న మాట. ఇందులో మెత్తదనం ఏమీ లేదు, చూశారా.

పైకి చెప్పని ఇంకో ముడి ఉంది. చాలామందికి అసలు బాధ మీద ఇంకో బాధ ఎక్కి కూర్చుంటుంది. నలుగురి ముందు మాట్లాడాలంటే టెన్షన్ ఒకటి, ఆ టెన్షన్ బయటపడుతుందేమోనన్న టెన్షన్ రెండోది. డిప్రెషన్‌లో ఉన్నందుకు సిగ్గు. కోపం వచ్చినందుకు మళ్లీ తన మీద తనకే కోపం. గుండె దడదడలాడగానే "అమ్మో, దడ వస్తోంది, రాకూడదు" అనుకోవడం వల్ల ఆ దడ రెట్టింపై పానిక్ దాకా వెళ్తుంది. ఎల్లిస్ ఇలాంటప్పుడు తరచుగా పై అంతస్తునే ముందు దించేవాడు. "నాకు టెన్షన్ రావడం నాకిష్టం లేదు, వస్తే వస్తుంది, వణికే గొంతుతోనైనా మాట్లాడతాను" అనుకోమనేవాడు. ఇది నిజంగా ఒప్పుకున్న మనిషికి అసలు టెన్షన్ కూడా కొంత తగ్గడం మామూలే. తమాషా ఏంటంటే, తగ్గడం కోసమే ఒప్పుకుంటే తగ్గదు, ఎందుకంటే అది మళ్లీ డిమాండే.

ఆత్మగౌరవం పెంచుకోండి అని చెప్పే పుస్తకాలు, వీడియోలు వేలకొద్దీ ఉన్నాయి. వాటి పక్కన ఎల్లిస్ మాట వింతగా వినిపిస్తుంది. మనిషి తనకి తాను మార్కులు వేసుకోవడమే జబ్బు అన్నాడు. ఇవాళ గెలిచాను కాబట్టి గొప్పవాణ్నని మార్కు వేసుకుంటే, రేపు ఓడినప్పుడు అదే కలంతో సున్నా వేసుకోవాల్సి వస్తుంది. మీ పనికి మార్కులు వేసుకోండి, ఈ ప్రెజెంటేషన్ బాగాలేదు, ఆ మాట అనకుండా ఉండాల్సింది, ఇలా. మనిషి మొత్తానికి మాత్రం మార్కు వేయొద్దు, ఎందుకంటే లక్ష పనులు, గుణాలు, తప్పులు కలిసిన మనిషిని ఒక్క అంకెలో పెట్టడం కుదరని పని. ఇదే ఎదుటివాళ్లకీ వర్తిస్తుంది. అతను చేసింది నీచమైన పని అని ఖండించొచ్చు, శిక్ష పడాలని కోర్టుకీ వెళ్లొచ్చు, అయినా అతన్ని ఆపాదమస్తకం నీచుడని తీర్పు చెప్పకుండా ఉండొచ్చు. ఇది చెప్పినంత తేలిక కాదు, ముఖ్యంగా దెబ్బ తిన్నది మనమైనప్పుడు.

ఇంతకీ ఇది పనిచేస్తుందా? రొమేనియాలో 170 మంది డిప్రెషన్ పేషెంట్లతో చేసి 2008లో ప్రచురించిన ఒక ట్రయల్‌లో ఆర్‌ఈబీటీని, కాగ్నిటివ్ థెరపీని, ఫ్లూక్సెటిన్ అనే మందుని పోల్చి చూస్తే, చికిత్స పూర్తయ్యే నాటికి మూడిటి ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కానీ అక్కడ పేషెంట్ల పక్కన శిక్షణ పొందిన థెరపిస్టులున్నారని గుర్తుంచుకోవాలి. చచ్చిపోవాలనిపిస్తున్నా, లేని మాటలు వినిపిస్తున్నా, వారాల తరబడి తిండీ నిద్రా దెబ్బతిన్నా సొంత వైద్యం పెట్టుకోకండి, డాక్టర్ దగ్గరకి వెళ్లండి. నిన్నగాక మొన్న బిడ్డను పోగొట్టుకున్న మనిషి దగ్గర కూర్చుని "ఇది జరగకూడదన్న రూలెక్కడుంది" అని డిస్ప్యూటింగ్ మొదలుపెట్టడం కూడా మూర్ఖత్వమే. ఎల్లిస్ మీద ఉన్న పెద్ద విమర్శ ఆ దూకుడే. 1965లో వచ్చిన ఒక శిక్షణ ఫిల్మ్‌లో గ్లోరియా అన్న పేరుతో ఒకే మహిళ కార్ల్ రోజర్స్, ఫ్రిట్స్ పెర్ల్స్, ఎల్లిస్ అనే ముగ్గురు పేరున్న థెరపిస్టులతో వేరువేరుగా మాట్లాడుతుంది. రోజర్స్ నిదానంగా వింటాడు, ఎల్లిస్ గడగడా పాఠం చెప్పేస్తాడు. ఆ పద్ధతిని వాడటానికి ఆ కంగారు అవసరం లేదు, ఇవాళ్టి థెరపిస్టులు చాలామంది మెత్తగానే చేస్తారు.

చివరిగా అందరూ ఆగిపోయే చోటు. "ఇదంతా నాకు తెలుసండీ, బుర్రకి ఎక్కింది, మనసే ఒప్పుకోవట్లేదు." కాగితం మీద ఎంత వాదించుకున్నా ఇలాగే ఉంటుంది, ఎందుకంటే పాత నమ్మకాన్ని మీరు ఏళ్ల తరబడి పనుల ద్వారా సాధన చేశారు, మీటింగ్‌లో నోరు మూసుకున్న ప్రతిసారీ "మాట్లాడితే ప్రమాదం" అన్న పాఠం మళ్లీ చదివారు. కొత్తది కూడా పనుల ద్వారానే దిగాలి. ఎల్లిస్‌కి ఇది పుస్తకాల్లో దొరికింది కాదు. పంతొమ్మిదేళ్ల వయసులో ఆడపిల్లలతో మాట్లాడాలంటే విపరీతమైన భయం ఉండేదట. న్యూయార్క్‌లోని బ్రాంక్స్ బొటానికల్ గార్డెన్‌కి వెళ్లి, బెంచీ మీద ఒంటరిగా కూర్చున్న ప్రతి స్త్రీతోనూ మాట కలపాలని ఒక నెలపాటు తనకి తాను హోంవర్క్ పెట్టుకున్నాడు. ఆయన చెప్పుకున్న లెక్క ప్రకారం 130 మంది కనిపించారు, 30 మంది లేచి వెళ్లిపోయారు, 100 మందితో మాట్లాడాడు, ఒక్కరు మళ్లీ కలుస్తానన్నారు, ఆమె కూడా రాలేదు. లెక్క చూస్తే ఘోర పరాజయం. భయం మాత్రం పోయింది, ఎందుకంటే ఎవరూ కొట్టలేదు, పోలీసుల్ని పిలవలేదు, ఆకాశం విరిగి పడలేదు.

తర్వాత దీన్నే ఆయన సిగ్గు మీద దాడి చేసే ఎక్సర్‌సైజులుగా మార్చాడు. అరటిపండుకి దారం కట్టి కుక్కపిల్లలా వీధిలో నడిపించుకెళ్లడం, రైల్లో వచ్చే స్టేషన్ పేరు గట్టిగా అరవడం లాంటివి. మీరు అంత దూరం పోనక్కర్లేదు. మీటింగ్‌లో తెలివితక్కువగా వినిపించే ప్రశ్న ఒకటి కావాలని అడగండి. షాపులో అన్నీ చూసి ఏమీ కొనకుండా బయటకి రండి. నో చెప్పడం రాకపోతే చిన్నపాటి సాయం అడిగిన మనిషికి కారణం చెప్పకుండా కుదరదని చెప్పండి. చేస్తున్నంతసేపూ ఒళ్లు మండుతున్నట్టే ఉంటుంది, ఆ మంటలోనే లోపలి వాక్యాన్ని మార్చుకోవాలి, "వీళ్లకి నేను నచ్చాలని ఉంది, నచ్చకపోయినా నాకు నేను పనికిరానివాణ్ని అయిపోను" అని. ఒక్కసారి చేసి తగ్గలేదని వదిలేయకండి, అదే పని కాస్త విసుగొచ్చేదాకా మళ్లీ మళ్లీ చేయాలి. షరతులు ఎల్లిస్ పెట్టినవే: చట్టానికి విరుద్ధం కాకూడదు, ఎవరికీ హాని జరగకూడదు, మీ ఉద్యోగం ఊడిపోయే పని అయితే అసలు వద్దు.